కొత్త ఇల్లు, వెనక మిర్చి షెడ్డు, మూడు పాత బండ్లు: గ్యారేజ్ ఎలా సర్దాలి?

పాత_ఫియట్ (హనుమకొండ)

అందరికీ నమస్తే. ఇన్నేళ్లూ కిరాయి ఇంట్లో ఉంటూ ఒక కారు వాకిట్లో, ఇంకోటి మా బావ వాళ్లింట్లో, మూడోది ఆటోనగర్‌లో తెలిసినాయన షెడ్డులో పెట్టి నెట్టుకొచ్చాను. శ్రావణంలో పాలు పొంగించి భీమారం వైపు సొంతింట్లోకి వచ్చాం. 350 గజాల జాగా. ముందు ఇల్లు, వెనక 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవుతో రేకుల షెడ్డు. ఈ ఇల్లు కొనడానికి అసలు కారణం ఆ షెడ్డేనని మా ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

పాత యజమాని ఎనుమాముల మార్కెట్‌కు తోలేముందు మిర్చి బస్తాలు అందులోనే పెట్టేవారట. ఎంత ఊడ్చినా ఘాటు పోవట్లేదు. పానా పట్టుకుని లోపలికి పోతే ముందు తుమ్ములు, తర్వాతే పని.

బండ్లు: 1982 ప్రీమియర్ పద్మిని (బాపుది), 1996 మారుతి 800 (ఇంకా ఏపీ 36 నంబరుతోనే), 1999 జిప్సీ. మూడూ నడుస్తాయి. మూడూ ఒకేసారి నడిచిన రోజు మాత్రం గుర్తులేదు.

షెడ్డులో ఇసుక మీద పరిచిన తాండూరు బండలు ఉన్నాయి. కొట్టి చూస్తే సగం డొల్ల మోగుతున్నాయి. బండ్ల కింద పని చేసుకోవడానికి గుంత తవ్వించాలా, లిఫ్టు పెట్టాలా? ఎండాకాలం రేకుల కింద ఏం చేస్తారు? కోతుల సంగతేంటి? మీ ఇళ్లలో ఎలా చేసుకున్నారో చెప్పండి.

సివిల్_పని (కాజీపేట)

కొత్తిల్లు శుభం అన్నా. లిఫ్టు, గుంత తర్వాత. ముందు నీళ్లెటు పోతాయో చూడండి.

మన ఊళ్లది కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల నేల. ఒక చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు పోవాలి. ఆ తొవ్వలో ఇప్పుడు కాలనీలు ఉన్నాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నయీంనగర్ నాలా పక్కన, హంటర్ రోడ్డు దిక్కు ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. పాత బండ్లకు చాలామంది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే కడతారు, అందులో వరద నష్టానికి పైసా రాదు. కాబట్టి పక్కింటి పెద్దమనిషిని అడగండి, ఆ రెండు వానల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని. ఏ సర్వే రిపోర్టు కన్నా ఆయన గోడ మీద చూపించే మరకే నయం.

షెడ్డు నేల రోడ్డు కన్నా కనీసం అడుగున్నర ఎత్తులో ఉండాలి. అంత ఎత్తు చేస్తే లోపలికి ఎక్కే వాలు 12 అడుగులైనా కావాలి, లేకుంటే పద్మిని సైలెన్సర్ గీసుకుంటుంది.

ఇక తాండూరు బండలు. నడవడానికి, మిర్చి పోయడానికి బాగుంటాయి, జాకీకి పనికిరావు. కారు బరువు మొత్తం నాలుగు స్టాండ్ల కాళ్ల మీదికి వస్తుంది. కాలు కింద డొల్ల ఉంటే బండ పలుగుతుంది, స్టాండు ఒరుగుతుంది, కింద మీరుంటారు. వాటిని తీయించి వాకిట్లో పరుచుకోండి. లోపల మొరం ఆరు ఇంచుల వరసలుగా పోసి, నీళ్లు చల్లి, ర్యామర్‌తో గట్టి చేయించండి. దాని మీద మందం పాలిథిన్ షీటు, ఆపైన ఇనుప జాలీ వేసి ఆరు ఇంచుల కాంక్రీటు, ఎం20 గ్రేడుకు తగ్గకుండా. పది పన్నెండు అడుగులకొక జాయింటు కోయించండి, లేకపోతే పగులు దాని ఇష్టమొచ్చిన చోట వస్తుంది. మీది నల్లరేగడా, ఎర్ర నేలా? రేగడి అయితే లెక్క వేరే. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు బారే మట్టిని రెండు మూడు అడుగులు తీసేసి మొరం నింపాల్సిందే.

పాత_ఫియట్ (హనుమకొండ)

ఎర్ర మొరం నేలే. పక్కింటాయనను అడిగాను. 2023లో రోడ్డు మీద మోకాళ్ల దాకా వచ్చాయి కానీ ఈ వరస ఇళ్లలోకి రాలేదన్నారు. షెడ్డు నేల మాత్రం రోడ్డుతో సమానంగా ఉంది, లేపించాల్సిందే.

ఆటోనగర్_మేస్త్రి (వరంగల్)

తమ్మీ, ఇన్ని లెక్కలెందుకు. మూడడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు గుంత తవ్వియ్యి, ఇటుక కట్టి ప్లాస్టరింగ్ చేయి, పైన చెక్కలు పరుచుకో. గేర్‌బాక్స్ దించు, సైలెన్సర్ విప్పు, గ్రీజు కొట్టు, నిలబడి పని చేసుకోవచ్చు. నా జిందగీ మొత్తం గుంతలోనే గడిచింది. అంబాసిడర్లు, ఫియట్లు, మెటడోర్లు అన్నీ గుంత మీదనే బాగైనయి. లిఫ్టు అంటే లక్షల ముచ్చట, అది చెడిపోతే దాన్ని బాగుచేయడానికి ఇంకొకడు రావాలె.

వాస్తు_సారు (జనగామ)

ఇంటి ముఖం ఎటు? షెడ్డు ఏ మూల? నైరుతిలో గొయ్యి మాత్రం పనికిరాదు.

పాత_ఫియట్ (హనుమకొండ)

తూర్పు ముఖం సార్. షెడ్డు నైరుతిలోనే ఉంది. ఈ ముక్క అమ్మ చదవకుండా చూసుకోవాలి.

సివిల్_పని (కాజీపేట)

మేస్త్రి గారి అనుభవానికి దండం. కానీ ఆయన గుంత పని చేసేది పొద్దున్నుంచి రాత్రిదాకా తెరిచి ఉండే షాపులో. ఇంటి గ్యారేజ్ వారంలో ఆరు రోజులు షట్టర్ వేసి ఉంటుంది. వానాకాలం భూమిలో నీళ్లు పైకొస్తే గుంత అడుగునుంచి ఊరుతుంది. పక్కా వాటర్‌ఫ్రూఫింగ్, సంప్, మోటారు అన్నీ చేయిస్తే ఖర్చు ఆయన చెప్పినంత తక్కువేం కాదు. అయిదడుగుల గుంతకు పిల్లలున్న ఇంట్లో మూత ఎప్పుడూ వేసి ఉంటుందన్న గ్యారంటీ ఎవరిస్తారు?

బొగ్గుబావి (గోదావరిఖని)

నేను సింగరేణిలో అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరయ్యాను. గుంత మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. బావిలో మాకు భయం మీథేన్ గురించి. అది గాలికన్నా తేలిక, కప్పు దగ్గర చేరుతుంది, అందుకే పైన చూస్తాం. పెట్రోల్ ఆవిరి దానికి ఉల్టా. గాలికన్నా బరువు, కిందికి జారి గుంతలో కూర్చుంటుంది. పాత బండి, కార్బొరేటర్ చెమర్చడం మామూలే, రాత్రంతా షట్టర్ మూసి ఉంటుంది. పొద్దున్నే దిగి బల్బు స్విచ్ వేస్తే ఆ ఒక్క మెరుపు చాలు. గాలి ఆడని చోట వాసన చూసి దిగడం కాదు, గాలి ఆడించి దిగాలి. గుంతే కావాలంటే అడుగునుంచి గాలి లాగే పైపు పెట్టండి, దాని ఫ్యాను మోటారు బయట ఉండాలి. లోపల 12 వోల్టుల సీల్డ్ ఎల్‌ఈడీ తప్ప ఇంకో వైరు వద్దు.

ఇంకోటి. గుంత ఉన్నా లేకున్నా షట్టర్ మూసి ఇంజిన్ ఆన్ చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

ఆటోనగర్_మేస్త్రి (వరంగల్)

గ్యాస్ ముచ్చట కాదనను. మా గుంతలు ఆరుబయట రేకుల కింద ఉంటయి, నాలుగు దిక్కులా గాలే. ఇంట్లో మూసిపెట్టే గుంత నేనూ చూడలే. అయినా లిఫ్టు మాత్రం దండగ.

మంచిర్యాల_జీపు (మంచిర్యాల)

లిఫ్టు దండగ కాదు గానీ అన్నా, మీ షెడ్డుకు పట్టదు. రెండు స్తంభాల లిఫ్టు కారును ఆరడుగుల దాకా లేపుతుంది. జిప్సీ ఎత్తే ఆరడుగుల పైన. కలిపితే 12 అడుగులు దాటింది, పైన ఇంకో చెయ్యి ఖాళీ కావాలి. మీ రేకులు ఎంత ఎత్తున ఉన్నాయి?

ఇంకో విషయం అమ్మేవాళ్లు చెప్పరు. ఆ లిఫ్టు చేతులు కారు గుమ్మాల (తలుపుల కింది అంచుల) కింద ఆనుకుంటాయి. 40 ఏళ్లు దాటిన పద్మిని గుమ్మాలు పైకి పెయింటుతో మెరుస్తాయి, లోపల పుట్టీ, తుప్పు. జిప్సీకి ఛాసిస్ ఉంది కాబట్టి భయం లేదు, పద్మినికి బాడీయే ఛాసిస్. సుత్తి పిడితో గుమ్మం పొడవునా కొట్టుకుంటూ పోండి. చప్పుడు మారిన చోట జాకీ పెట్టొద్దు.

నా సలహా: మంచి ట్రాలీ జాకీ ఒకటి, మూడు టన్నుల స్టాండ్లు రెండు జతలు, ముందు చక్రాలు ఎక్కించే ర్యాంపులు. మీ మూడు బండ్లలో ఏదీ టన్నును పెద్దగా దాటదు. ఇంట్లో చేసుకునే పనుల్లో ఎక్కువ భాగం వీటితో అయిపోతాయి. గేర్‌బాక్స్ దించాల్సి వస్తే మేస్త్రి గారి గుంత ఉండనే ఉంది.

అంబాసిడర్_అక్క (కరీంనగర్)

కింద ఏం వేయాలో అందరూ చెప్పారు, పైన సంగతి ఎవరూ ఎత్తలేదు. నాన్న అంబాసిడర్ రేకుల షెడ్డులోనే ఉంది, అందుకే రాస్తున్నా.

మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు పోతుంది. రేకుల కింద మధ్యాహ్నం తలుపు హ్యాండిల్ పట్టుకోలేం. డ్యాష్‌బోర్డు పలుగుతుంది, తలుపుల రబ్బర్లు జిగురవుతాయి, బ్యాటరీ నీళ్లు తగ్గిపోతాయి. రేకుల పైన తెల్లని కూల్ రూఫ్ పెయింటు వేయించండి, రెండు కోట్లు. 2023లో తెలంగాణ సర్కారు కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా. కానీ పెయింటు ఒక్కటే చాలదు. వేడి గాలి పైనుంచి పోవాలి, చల్లటిది కిందనుంచి రావాలి. గోడలో అడుగు ఎత్తున జాలీలు పెట్టించి, పైన టర్బో వెంటిలేటర్లు రెండు బిగించండి. అవి గాలికే తిరుగుతాయి, కరెంటు అక్కర్లేదు.

ఎండ కన్నా నాకు భయం చలికాలం. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున రేకు కింది వైపు చెమర్చి బొట్లు బొట్లుగా బానెట్ మీద పడతాయి. వాన పడలేదు, రేకుకు చిల్లు లేదు, కారు తడిసి ఉంటుంది. అందుకే రేకుల కింద ఇన్సులేషన్ షీటు వేయించండి, ఎండకూ పనికొస్తుంది. ప్లాస్టిక్ కవర్ మాత్రం కప్పొద్దు, తడిని లోపలే పట్టి ఉంచి ఆవిరి మీద కుడుమును ఉడికించినట్టు కారును ఉడికిస్తుంది. పాత నూలు దుప్పటి మేలు.

కోతులు: వాటికి అద్దంలో ఇంకో కోతి కనిపిస్తుంది, దాంతో కొట్లాటకు దిగుతాయి. పక్క అద్దాలకు గుడ్డ సంచులు తొడగండి. వైపర్లు, ఏరియల్ పీకడం వాటికి సరదా. గోడకు, రేకులకు మధ్య సందు ఉంటుంది కదా, అక్కడ వెల్డ్ మెష్ కొట్టించండి. షెడ్డు మీదికి జామ కొమ్మ వాలి ఉంటే ముందు దాన్ని కొట్టేయండి. మిర్చి ఘాటు పోగానే ఎలుకలు, పందికొక్కులు వస్తాయి, వైరింగ్ కొరికేస్తాయి. షట్టర్ కింద రబ్బరు పట్టీ వేయించండి. ఘాటు కొంచెం ఉండనివ్వండి, అది మీ మేలుకే.

పాత_ఫియట్ (హనుమకొండ)

అక్కా, జామ చెట్టు నిజంగానే ఉంది! ఆషాఢంలో సామాను కదిలించొద్దని పెద్దలంటే 800ని ముందే తెచ్చి ఈ చెట్టు కింద పెట్టాను. శ్రావణం వచ్చేసరికి దాని ఎడమ అద్దం లేదు.

రేకుల ఎత్తు పక్కన 11, మధ్యలో 13 అడుగులు. రెండు స్తంభాల లిఫ్టు ఆశ వదిలేశాను.

సివిల్_పని (కాజీపేట)

మూడు కార్లు పక్కపక్కనే పెడదామనుకుంటున్నారా? 20 అడుగుల్లో మూడు బండ్ల వెడల్పే 15 పోతుంది. మిగిలిన అయిదు అడుగులు నాలుగు సందులకు పంచితే తలుపు తీసి దిగలేరు. 30 అడుగుల పొడవు వాడుకోండి. ఒక వరసలో పద్మిని వెనక 800. పద్మిని 13, 800 11, మొత్తం 24 అడుగులు. ఇంకో వరసలో షట్టర్ దగ్గర జిప్సీ, దాని వెనక 15 అడుగులు పని జాగా, పనిబల్ల. నీళ్లు పోవడానికి నేల షట్టర్ వైపు వందకు ఒకటి చొప్పున వాలు ఉండాలి, కానీ ఆ పని జాగా మాత్రం సమతలంగా పోయించండి. వాలు మీద జాకీ ఎత్తితే కారు చక్రాల మీద కదులుతుంది.

షెడ్డు మీ ఇంటి ప్లాన్‌లో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో) ఉంటే గోడలు లేపే ముందు కార్పొరేషన్‌లో అడగడం మంచిది. డబ్బులు పెట్టాక కాదు.

మూడో_ఫేజు (హనుమకొండ)

కరెంటు గురించి నాలుగు మాటలు. ఇంటి బోర్డు నుంచి ఎక్స్‌టెన్షన్ లాగి కంప్రెసర్ నడపొద్దు. షెడ్డుకు వేరే డీబీ (కరెంటు బోర్డు), వేరే ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ. కంప్రెసర్‌కు 4 స్క్వేర్ ఎంఎం వైరు. వెల్డింగ్ మిషన్ ఆలోచన ఉంటే కరెంటు ఆఫీసులో (ఎన్పీడీసీఎల్) లోడు పెంచుకోండి. ట్యూబ్‌లైట్లు కార్ల నెత్తిన కాదు, కార్ల మధ్య సందుల పైన, గోడల వెంట పెట్టండి. నెత్తిన పెడితే కారు టాపు మెరుస్తుంది, ఇంజిన్‌లో చీకటి. మంటలార్పే సిలిండర్ ఏబీసీ పౌడర్ రకం, షట్టర్ పక్కనే. లోపలి గోడకు పెడితే మంటలు దాటి పోయి తెచ్చుకోవాలి.

కార్బొరేటర్_కష్టాలు (జగిత్యాల)

కొత్తింటికి వచ్చాక పనుల్లో పడి బండ్లు నెలల తరబడి నిలబడతాయి, అదే అసలు ప్రమాదం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం ట్యాంకుతో వానాకాలమంతా నిలబెడితే నీళ్లు అడుగుకు చేరతాయి, పద్మిని ట్యాంకు లోపలనుంచి తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రమ్ ఉబ్బి మెత్తబడతాయి. పైపులు ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయించండి, ఫ్లోరోఎలాస్టోమర్ అని అడిగితే ఇస్తారు. నిలబెట్టే బండికి ట్యాంకు నిండుగా ఉంచండి, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేయండి, బ్యాటరీ నెగెటివ్ విప్పండి. వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం చాలామంది అలవాటు. అది చేయకపోవడమే మేలు, ఇంజిన్ పూర్తిగా వేడెక్కక సైలెన్సర్‌లో నీళ్లు నిలుస్తాయి. తీస్తే పరకాల దాకా అయినా పోయి రండి.

కొత్త_మెంబర్ (పెద్దపల్లి)

పద్మినికి వింటేజ్ నంబరు తీసుకోవచ్చు కదా?

మంచిర్యాల_జీపు (మంచిర్యాల)

రాదు. 2021లో వచ్చిన కేంద్రం రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండికే వీఏ సిరీస్. 1982 బండికి 2032 దాకా ఆగాలి. కొత్తగా రిజిస్ట్రేషన్ అయితే 20,000, పదేళ్లకు, తర్వాత రెన్యువల్‌కు 5,000. అయినా వీఏ నంబరుతో రోజూ తిరగనివ్వరు. ర్యాలీలు, ప్రదర్శనలు, టెక్నికల్ పరీక్షలు, అంతే. తిప్పుకునే బండికి మామూలు ఆర్సీయే నయం. అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకు ఆ ఫీజు 10,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఫియట్ అన్నకు మూడు బండ్లూ 20 దాటినవే. షెడ్డు ఖర్చుల్లో పడి దీన్ని మర్చిపోవద్దు.

అంబాసిడర్_అక్క (కరీంనగర్)

పాత ఇంజిన్ ఆయిల్ ఏం చేస్తున్నారు అందరూ? మా వీధిలో ఒకరు డ్రైనేజీలో పోస్తున్నారు, అడిగితే లొల్లి.

ఆటోనగర్_మేస్త్రి (వరంగల్)

సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి పట్టుకపోతరు బిడ్డా. డబ్బాలో పోసి మూత పెట్టి పెట్టు.

సివిల్_పని (కాజీపేట)

అది కూడా కరెక్ట్ కాదు మేస్త్రి గారూ, కాంక్రీటుకు మరకలు, ప్లాస్టరింగ్ పట్టదు. రీసైక్లింగ్‌కు తీసుకునేవాళ్లు ఉన్నారు. పెద్ద సర్వీస్ సెంటర్ల వాళ్లు వాళ్లకే ఇస్తారు, మనం డబ్బా పట్టుకుపోయి అడిగితే చాలాచోట్ల అందులో కలుపుకుంటారు.

పాత_ఫియట్ (హనుమకొండ)

దసరాకు ముందే నేల పని అయిపోయింది. మొరం పోసి అడుగున్నర లేపాం, ఆరు ఇంచుల కాంక్రీటు. వాలు 12 అడుగులు పెట్టడానికి వెనక తులసి కోట జరపాలన్నారు, అమ్మ ఒప్పుకోలేదు, వాలే కొంచెం వంకర తిప్పాం. పద్మిని గీసుకోకుండా ఎక్కుతోంది. గుంత లేదు. పని జాగా సమతలంగా పోయించి, దాని కింద కాంక్రీటు ఎనిమిది ఇంచులు చేయించాను. పిల్లలు పెద్దయ్యాక వాళ్లెవరికైనా ఈ పిచ్చి పడితే తక్కువ ఎత్తు సిజర్ లిఫ్టు పెట్టుకుంటారు.

రేకులకు తెల్ల పెయింటు, కింద ఇన్సులేషన్ అయ్యాయి. జాలీ కొట్టించాక కోతులు రెండు రోజులు పైన కూర్చుని చూసి పోయాయి. జామ కొమ్మ కొట్టించాను, చెట్టు ఉంచాను. పండగకు మూడు బండ్లకూ ఒకే వరసలో నిమ్మకాయలు తొక్కించి పూజ చేశాం. జిప్సీ మాత్రం నెట్టుకుంటూ తేవాల్సి వచ్చింది, బ్యాటరీ. ఇంట్లో ఆమె షరతు ఒకటుంది, పనిబల్లలో సగం వాషింగ్ మిషన్‌ది. ఒప్పుకున్నాను.

ర్యాంపులకు కాజీపేటలో కట్టె డిపో నుంచి పాత రైలు స్లీపర్ ముక్కలు తెచ్చాను. ఇనుప ర్యాంపుల్లా జారవు.

ఆటోనగర్_మేస్త్రి (వరంగల్)

స్లీపర్ కట్టె మంచిది. ఎత్తు ఎంత పెట్టినవు? నేను ఆదివారం వస్త, జిప్సీ సెల్ఫ్ మోటారు చూద్దాం. కింద పండుకుని చేసే వయసు కాదు నాది.

పాత_ఫియట్ (హనుమకొండ)

రెండు వరసలు, పది ఇంచులు వచ్చింది. పైది కదలకుండా కిందిదానికి బోల్టులతో బిగించాను, చివర చక్రం దాటకుండా ఇనుప యాంగిల్ ముక్క కొట్టాను. మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి కాకా, కింద నేను పడుకుంటాను.